బీచ్ రోడ్డు రెస్టారెంట్ వెనక ఇసకలో టేబుళ్లు వేసుకోవాలంటే పర్మిషన్ ఎవరిస్తారు?

ఉప్పుగాలి_సాగర్‌నగర్:
అందరికీ నమస్తే, కొంచెం పెద్ద పోస్టు, ఏమనుకోకండి. మా బావగారికి వైజాగ్‌లో సాగర్‌నగర్ దాటి రుషికొండ వెళ్ళే దారిలో సముద్రం వైపే చిన్న రెస్టారెంట్ ఉంది, బిల్డింగు పాతదే, ప్లాన్ అప్రూవల్ ఉంది, లోపల పన్నెండు టేబుళ్లు. శని ఆదివారాలు సాయంత్రం అయితే జనం పేరు రాయించుకుని బైక్‌ల మీద కూర్చుంటారు, వచ్చినవాళ్ళెవరికీ లోపల ఏసీ వద్దు, సముద్రం కనబడాలి, చేతిలో రొయ్యల వేపుడు ప్లేట్ ఉండాలి. అందుకని వెనక కాంపౌండ్ గోడ కొట్టేసి ఇసకలోకి చెక్క డెక్ వేసి ఇంకో ఇరవై టేబుళ్లు వేద్దామని ఆయన ప్లాను. ఒక కన్సల్టెంట్ వచ్చి చూసి, సిమెంట్ పొయ్యట్లేదు కదా, బోల్టులు విప్పితే ఊడొచ్చేదే కదా, టెంపరరీ కిందకొస్తుంది, పైగా 300 చదరపు మీటర్ల లోపే కాబట్టి కార్పొరేషన్‌లోనే పనైపోద్ది అన్నాడట. అడ్వాన్స్ కూడా పుచ్చేసుకున్నాడు. నాకెందుకో తేడా కొడుతోంది, బావగారికి చెప్తే నీకు ప్రతిదీ అనుమానమే అంటారు. ఈ దారిలో వెళ్ళినవాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పండి ప్లీజ్.

ప్లానింగ్_పాతకాపు:
ముందు ఆ అడ్వాన్స్ వెనక్కి తెచ్చుకోండి.

300 చదరపు మీటర్ల మాట ఉంది, నిజమే, 2019 సీఆర్‌జెడ్ (సముద్ర తీరంలో ఏం కట్టొచ్చో ఏం కట్టకూడదో చెప్పే కేంద్రం రూల్సు) నోటిఫికేషన్‌లోనే ఉంది, కాకపోతే అది సొంతంగా ఉండడానికి ఇల్లు కట్టుకునేవాళ్ళకి ఇచ్చిన వెసులుబాటు, వాళ్ళకైతే లోకల్ బాడీ అప్రూవల్ చాలు. రెస్టారెంట్‌కి వర్తించదు. మీ కన్సల్టెంట్ చదివి వదిలేశాడో చదవకుండా చెప్పాడో నాకు తెలీదు.

ఇక డెక్ సంగతి. మీది ఊళ్ళో కలిసిపోయిన తీరం కాబట్టి సీఆర్‌జెడ్-2 అనే కేటగిరీ అనుకుందాం (అనుకుందాం అంతే, మ్యాపు చూడందే చెప్పకూడదు). అక్కడ కొత్తగా ఏం కట్టినా ఉన్న రోడ్డుకి గానీ, ఇప్పటికే అనుమతి ఉన్న బిల్డింగ్‌కి గానీ ఊరి వైపే ఉండాలి, సముద్రం వైపు జరగకూడదు. మీరేమో గోడ కొట్టేసి సముద్రం వైపే పోతామంటున్నారు. బీచ్‌లో టెంపరరీగా షాక్‌లు (చిన్న పాకల్లాంటివి), కూర్చునే ఏర్పాట్లు పెట్టొచ్చని కూడా 2019లో రాశారు, బహుశా ఆయన పట్టుకున్న తోక అదే, కానీ అది రాష్ట్రం తయారుచేసే తీర ప్రణాళికలో టూరిజం కోసమని చూపించిన చోట, హై టైడ్ లైన్‌కి (పోటు నీళ్ళు ఎక్కే చివరి గీత) కనీసం 10 మీటర్లు వదిలిపెట్టి. ఎవరి గోడ వెనక వాళ్ళు వేసుకోమని కాదు. అసలు గోడ అవతల ఇసక బావగారి దస్తావేజులో ఉందా? ఆ ప్రశ్న ఎవరూ అడగట్లేదేంటి?

హై టైడ్ లైన్ కూడా మనం కర్ర పాతి ఇదే అంటే కుదరదు, అమావాస్య పౌర్ణమి పోట్లకి నీళ్ళు ఎక్కడిదాకా ఎక్కుతాయో లెక్కగట్టి, కేంద్రం గుర్తించిన సంస్థ 1:4000 స్కేల్ మ్యాపు మీద గీసివ్వాలి, దాని మీద మీ లేఅవుట్ పెట్టాలి, అప్పుడు ఏపీ కోస్టల్ జోన్ మేనేజ్‌మెంట్ అథారిటీకి ఫైల్ వెళ్తుంది. కార్పొరేషన్ దాని తర్వాతే.

తాబేళ్ళ_దారి:
పైన సార్ రూల్సు చెప్పారు, నేను కళ్ళతో చూసింది చెప్తా. జనవరి నుంచి ఏప్రిల్ దాకా వీలున్నప్పుడల్లా తెల్లవారుజామున ఆ సైడే నడుస్తా, ఆలివ్ రిడ్లీ సముద్రపు తాబేళ్ళు రాత్రి ఒడ్డెక్కి గుడ్లు పెట్టి వెళ్ళిపోతాయి కదా, పొద్దున్నే ఇసక మీద చిన్న ట్రాక్టర్ టైరు పోయినట్టు అచ్చు ఉంటుంది. మీరు డెక్ వేస్తామనే పొడి ఇసక చూడండి, నీళ్ళు అందని ఆ కాస్త మెట్ట, వాటికీ సరిగ్గా అదే కావాలి.

పోయినేడాది ఏప్రిల్‌లో ఫారెస్ట్ వాళ్ళ కంట పడని గూడు ఒకటి రాత్రి పగిలింది. పిల్లలు వెలుతురు ఎటుంటే అటు పోతాయి, మామూలుగా అయితే అది సముద్రం. ఆ రాత్రి బజ్జీల బండివాడు తెల్ల ఎల్‌ఈడీ ఆర్పకుండా వెళ్ళిపోయాడు. నేను వెళ్ళేసరికి పదహారు పిల్లలు బండి చక్రాల కింద, రోడ్డు అంచు దగ్గర, ఇసక పట్టి కళ్ళు మూసుకుపోయి, ఒక్కోటి నా బొటనవేలంత. నాలుగు మాత్రమే కదులుతున్నాయి. ఇది వన్యప్రాణి రక్షణ చట్టంలో షెడ్యూల్-1 జంతువండీ, పులికి ఎంత రక్షణో దీనికీ అంతే. ఒక్క బల్బుకే అలా అయితే ఇరవై టేబుళ్ళ లైట్లు ఊహించుకోండి.

జాలారిపేట_చిన్నోడు:
ఏటి బాబూ అందరూ తాబేలు గురించే, మా గురించి ఒక్కడూ అడగడు 😀 ఆ సైడ్ మావోళ్ళు అలివి వల లాగుతారు, రెండు పక్కలా తాడు పట్టుకుని పది పదిహేను మంది వెనక్కి వెనక్కి నడుచుకుంటూ మెట్ట మీదకి వస్తారు, వెనక ఏటుందో ఎవుడూ చూడడు, చూస్తే తాడు లూజైపోద్ది చేప జారిపోద్ది. ఆ దార్లో మీ డెక్ ఉంటే సూప్ తాగేవోడి ఒళ్ళో కూకుంటాం మరి. అయినా చెక్కలూ బోల్టులూ అంటన్నారు, 2014లో హుద్‌హుద్ తుపాను రోజున ఉన్నారా మీ బావగారు? మా పడవ మాకు రోడ్డు మీద దొరికింది.

ఉప్పుగాలి_సాగర్‌నగర్:
అందరికీ థాంక్స్, నిన్న రాత్రి మొత్తం బావగారికి చదివి వినిపించాను. దస్తావేజు తీసి చూస్తే సరిహద్దు గోడ దగ్గరే ఆగిపోయింది, అవతలది గవర్నమెంటుదే, ఆయన పాపం కాసేపు మాట్లాడలేదు. డెక్ మానేశారు. ఇప్పుడు కొత్తగా, మేడ మీద ఖాళీ టెర్రస్ ఉంది కదా అక్కడ పది టేబుళ్లు వేద్దాం, ఇసక తొక్కేది లేదు అంటున్నారు. అదైనా కుదురుతుందా?

ప్లానింగ్_పాతకాపు:
డెక్ కన్నా వెయ్యి రెట్లు నయం, మీ బిల్డింగ్ గీత దాటట్లేదు కాబట్టి. అలాగని ఊరికే కుర్చీలు ఎక్కించేయకండి. పైన షెడ్డు వేస్తే అది అదనపు కట్టడమే, మళ్ళీ ప్లాన్‌కి, సీఆర్‌జెడ్‌కి వెళ్ళాలి. వెయ్యకపోయినా స్లాబ్ బరువు ఇంజినీరుతో చూపించుకోండి, ఫైర్ వాళ్ళు రెండో మెట్లదారి అడుగుతారు, పార్కింగ్ లెక్క మారుతుంది. వంటింటి నీళ్ళు ఎటు పోతున్నాయో కూడా చూసుకోండి, గ్రీజ్ ట్రాప్ (నీళ్ళలోంచి నూనె, జిడ్డు పట్టుకునే తొట్టి) లేకుండా వెనక ఇసకలోకి వదిలేవాళ్ళని చాలామందిని చూశాను.

తాబేళ్ళ_దారి:
టెర్రస్ అంటే లైటు ఇంకా పైనుంచి ఇంకా దూరం కనబడుతుంది, అది మర్చిపోకండి. సముద్రం వైపు పిట్టగోడ ఎత్తు కన్నా కిందే పెట్టండి, కిందకే వెలుగు పడేలా టోపీ ఉన్నవి, రంగు పసుపు-నారింజ, తెల్లవి అస్సలొద్దు. జనవరి నుంచి మే వరకు కస్టమర్లు వెళ్ళగానే ఆర్పేసే డ్యూటీ ఒక మనిషికి అప్పగించండి.

ఉప్పుగాలి_సాగర్‌నగర్:
సరే మేడమ్. ఆ నారింజ రంగువి ఉప్పుగాలికి తట్టుకునేవి డాబాగార్డెన్స్‌లో దొరుకుతాయా, ఆన్‌లైనేనా? ఆయన అప్పుడే టేప్ పట్టుకుని మేడెక్కేశారు.