సమస్యాపూరణం: "కనులు మూసిన వారికే కానుపించు"

నిర్వాహకుడు: ఈసారి తేటగీతి. సమస్య నాలుగో పాదంగా రావాలి, యతి (పాదం మొదటి అక్షరానికి నడుమ అక్షరంతో పొత్తు) క–కా. విషయం వలస కాలంలో పార్కులో పిట్టలు చూడడం. అంతర్నేత్రం, ధ్యానం అంటూ జారుకోవద్దు. చెట్ల కింద నిజంగా చేసే పనితోనే చిక్కు విప్పాలి.

కొసకొమ్మ:

తే.గీ. ఆకు మాటున పలికెడి యాకుపిట్ట
రంగుఁ జూచియుఁ దెలియఁగ రాదు జాతి
చెవులు రిక్కించి నిముసము చెట్టు క్రింద
కనులు మూసిన వారికే కానుపించు

ఆకుపిట్ట అంటే లీఫ్ వార్బ్లర్. చాలావరకు పది సెంటీమీటర్లు అటూ ఇటూ, చాలావరకు ఆకుపచ్చే. గ్రీనిష్ వార్బ్లర్ "చి-స్వీ" అని రెండు ముక్కలుగా పలుకుతుంది. పొదల్లోంచి "చక్, చక్" అని నాలుక చప్పరించినట్టు వినబడితే బ్లిత్స్ రీడ్ వార్బ్లర్ కావచ్చు. ముందు గొంతు పట్టుకుంటే ఏ కొమ్మ వెతకాలో తెలుస్తుంది.

నిర్వాహకుడు: చిక్కు విడింది. "మాటున పలికెడి" కాదు, "మాటునఁ బలికెడి". రెండో పాదంలో ద్రుతం (పదం చివరి నకారం, దాని వల్లే తర్వాతి "ప" "బ" అవుతుంది) జాగ్రత్తగా చూసుకుని మొదటి పాదంలో మరిచారు.

రెల్లుపొద: నా అభ్యంతరం "చెట్టు క్రింద" మీద. కింద నిలబడితే పిట్ట పొట్టే కనబడుతుంది, అదీ వెలుతురుకు అడ్డంగా నల్లగా. పైగా పావుగంటలో మెడ పట్టేస్తుంది. పది పదిహేను మీటర్లు వెనక్కి, సూర్యుడు వీపుకు ఉండేలా నిలబడాలి. పిలుపు వినగానే బైనాక్యులర్‌తో కొమ్మలన్నీ గాలించకూడదు. ఆకు కదిలిన చోటి మీద చూపు నిలిపి, ఆ చూపు తప్పకుండా బైనాక్యులర్‌ను కళ్ల దగ్గరికి తేవాలి.

కొసకొమ్మ: ఒప్పుకుంటున్నా. "చెట్టు క్రింద" తీసి "చెట్టు కెదుట". గణాలు చెదరలేదు.

రెల్లుపొద: నా పూరణ.

తే.గీ. ఎడమ కంటికి నడిచక్ర మిటులఁ ద్రిప్పి
కుడికి వలయము సవరించి కుదురుపఱచి
ఒకటి యొకటిగ మార్చుచు నోర్పుతోడ
కనులు మూసిన వారికే కానుపించు

రెండు కళ్ల చూపూ ఒకేలా ఉండదు. అందుకే చాలా బైనాక్యులర్లలో కుడి కంటి గొట్టం మీద డయాప్టర్ వలయం ఉంటుంది. ఇరవై ముప్పై మీటర్ల దూరంలో ఒక బోర్డు మీది అక్షరాలు చూడండి. కుడివైపు మూసి, ఎడమ కంటికి నడి చక్రం (రెండు గొట్టాల మధ్య ఉండే ఫోకస్ చక్రం) తిప్పి అక్షరాలు తేరేలా చేయండి. తర్వాత ఎడమవైపు మూసి, చక్రం ముట్టుకోకుండా, వలయం ఒక్కటే తిప్పండి. రెండో మెట్టులో చెయ్యి అలవాటుగా చక్రం మీదికే పోతుంది; పోయిందా, మళ్లీ మొదటికి. కుదిరాక వలయం ఏ గుర్తు దగ్గర ఆగిందో చూసి పెట్టుకోవాలి, సంచిలో రాపిడికి అది జరుగుతుంది.

నిర్వాహకుడు: గొప్ప ఊహ. కానీ ఏది కానుపించు? పద్యమంతా వెతికినా కర్త లేదు.

రెల్లుపొద: మూడో పాదం మార్చాను: "ఒకటి యొకటిగ, పులుఁగున కున్న చార". గ్రీనిష్ రెక్క మీది సన్నటి లేత చార నా మనసులో ఉంది. ఈకలు అరిగితే అది కనబడకపోవచ్చు. చార లేదని ఆ జాతి కాదనుకోవద్దు.

కొసకొమ్మ: ఇంకొక్క మాట. కన్ను గట్టిగా మూస్తే రెండో కంటి చుట్టూ కండరాలు బిగిసి సవరణ తప్పుతుంది. రెండు కళ్లూ తెరిచి, ముందరి పెద్ద అద్దాన్ని అరచేత్తో మూయాలి. "కనులు" అంటే బైనాక్యులర్ కళ్లే అనుకుంటే సమస్య మరింత గట్టిగా నిలుస్తుంది.

కొత్తచెయ్యి:

తే.గీ. పాట వినిపించి ఫోనులో పక్షిఁ బిలిచి
దగ్గరకు రాఁగఁ జూడుము వేగముగను
నీడలో నిల్చి కదలక నిష్ఠతోడ
కనులు మూసిన వారికే కానుపించు

నిర్వాహకుడు: రెండో పాదంలో ద–వే యతి కుదరదు. ప్రాసయతి (యతికి బదులు రెండో అక్షరాల పొత్తు) అనుకున్నారేమో, "గ్గ"కు "గ" చెల్లదు. ఒక పాదంలో చూడమని, చివరికి కళ్లు మూయమంటే అన్వయమూ లేదు.

రెల్లుపొద: ఛందస్సు దిద్దుకోవచ్చు, పనే తప్పు. చిన్న వలస పిట్టలు ఎక్కువగా రాత్రి ఎగురుతాయి. దారిలో కొవ్వు కరిగించుకుని తెల్లవారేసరికి ఆకలితో దిగుతాయి. అందుకే పొద్దు పొడిచిన మొదటి రెండు గంటల్లో అంత చురుగ్గా పురుగులు ఏరుకుంటాయి. ఆ వేళ ఫోన్లో పాట పెడితే పోటీ పిట్ట వచ్చిందనుకుని మేత మాని దాని కోసం వెతుకుతుంది. నీళ్లు చుక్కలుగా పడే కుళాయి దగ్గర ఊరికే కూర్చోండి, అవే వస్తాయి.

కొత్తచెయ్యి: తిరగరాశాను.

తే.గీ. పాట వినిపింపఁ బోకుము, పక్షి యలసె
రాత్రి యెల్లను బయనించి, వ్రాలె నిచట
చిన్ని ఫోనుకు నున్నట్టి చిత్రమైన
కనులు మూసిన వారికే కానుపించు

నిర్వాహకుడు: రా–వ్రా యతి, "వ్రా"లోని రేఫతో (ర హల్లుతో) చెల్లింది. ఫోను వీపున రెండు మూడు కళ్లుంటాయి గనక బహువచనానికీ లోటు లేదు. "చిత్రమైన"లో ఫోటో అన్న శ్లేష కావాలని పెట్టారా, యతి కోసం వచ్చి పడిందా?

కొత్తచెయ్యి: యతి కోసమే.