ఒకుతమాలో ఖాళీ ఇల్లు తీసుకోవచ్చా?

లక్ష్మి_నిషికసాయి: టోక్యోకి వచ్చి పన్నెండేళ్లు. మా ఆయన ఇప్పుడు వారానికి ఒక్కరోజే ఆఫీసుకి వెళ్తే చాలు. టోక్యో పడమటి కొసన కొండల్లో ఉన్న ఒకుతమా ఊళ్లో పిల్లలున్న కుటుంబాలకి ఖాళీ ఇళ్లు చవగ్గా ఇస్తున్నారంటే చూసొచ్చాం. గుమ్మం పక్కన యూజు (నిమ్మజాతి) చెట్టు, కింద రాలిన కాయలు కుళ్లిపోతున్నాయి. పక్కింటి పెద్దావిడ సంచి నిండా కోసిచ్చి, మా పాప ఈడు పిల్లలెంతమందో వేళ్ల మీద లెక్కపెట్టింది. ఒక చెయ్యి సరిపోయింది. పాపకి ఏడేళ్లు. ఏమంటారు?

రమణ: నగరం మధ్యలోని షింజుకు నుంచి రైల్లో దాదాపు రెండు గంటలు. అది పేరుకే టోక్యో అండీ.

కృష్ణాతీరం: పేరుకేనా? టోక్యోలో పదోవంతు నేల అదే, 225 చదరపు కిలోమీటర్లు. జనం ఐదువేలు కూడా లేరు, సగానికి సగం ముసలివాళ్లు. మీ నగరంవాళ్లకి నీళ్లివ్వడానికి అక్కడ ఒగోచి డ్యాం కట్టారు. 1957లో అది పూర్తయ్యేసరికి 945 కుటుంబాలు ఊళ్లొదిలాయి.

రమణ: లక్ష్మి గారుండే నిషికసాయికి వచ్చేవి ఎడో నది నీళ్లు. ముందది తెలుసుకోండి.

సుధ: ఎలుగుబంట్లు తిరుగుతాయక్కా, జాగ్రత్త.

కృష్ణాతీరం: అటు కరువొస్తే ఒగోచి నీళ్లే కదా ఆదుకునేది! మా ఊరు శ్రీశైలం ముంపులో పోయింది. ఎండాకాలం నీళ్లు తగ్గితే నాన్న వెళ్లి మా ఇంటి బండల మీద కూర్చుని వచ్చేవాడు. ఊరు పోవడమంటే ఏంటో మీకేం తెలుసు?

రమణ: నాకు తెలీదా? మాది పాలమూరు పల్లె. ఊరంతా బొంబాయి, పుణె వలసపోయింది. ఊరు వదలనని నాన్న పట్టుబట్టాడు. ఏడో తరగతిలో నేనొక్కణ్ణే. సార్ వారానికి రెండ్రోజులు వచ్చేవాడు. ఆడుకోవడానికి తోడు లేక గేదెలతో మాట్లాడుకున్నా. ఇళ్లు, నీళ్లు ఎవరివైతే నాకేంటి? ఊరిని బతికించే బరువు ఏడేళ్ల పిల్ల నెత్తిన పెట్టకండి. నా బాధంతా అదే.

కృష్ణాతీరం: ఆ మాట మొదటే అనాల్సింది రమణ గారూ. కానీ ఎవరూ వెళ్లకపోతే, అక్కడున్న ఆ నలుగురు పిల్లలూ మీలాగే ఒంటరిగా మిగులుతారు కదా.

రమణ: వాళ్ల కోసం మన పిల్లని పంపాలా? నేనొప్పుకోను.

లక్ష్మి_నిషికసాయి: పాపనే అడిగాను. కాయలు నేనే కోస్తానంది, ఆడుకోవడానికి ఎవరుంటారనీ అడిగింది. ఫిబ్రవరి చలిలో ఓ వారం అక్కడ గది తీసుకుని ఉంటాం. ఆ నలుగురు పిల్లల్నీ కలిశాకే సంతకం.