జుబిన్ మెహతాని మనవాడు అనడం సబబేనా?

సముద్రతీరం:
పాశ్చాత్య ఆర్కెస్ట్రాలని ఎదురుగా నిలబడి నడిపించే కండక్టర్ ఆయన. ఆయన పద్మవిభూషణ్ (2001) గురించి నిన్న ఇక్కడ పొగిడారు కాబట్టి అడుగుతున్నాను. 1954లో పద్దెనిమిదేళ్లకి బొంబాయి వదిలి వియన్నా వెళ్లాడు. ఆ తర్వాత మాంట్రియల్, లాస్ ఏంజెలెస్, న్యూయార్క్, టెల్ అవీవ్. పని చేసిందంతా బయటే. ఇక్కడ ఒక్క ఆర్కెస్ట్రా నిలబెట్టలేదు. మనవాడు ఎలా అవుతాడు?

నాలుగోతీగ:
భారత పాస్‌పోర్టు వదులుకోలేదండీ. ఇంకేం కావాలి?

సముద్రతీరం:
పాస్‌పోర్టు బీరువాలో ఉంటుంది. నేర్పే మనిషి ఊళ్లో ఉండాలి.

నాలుగోతీగ:
తీసిపారేయకండి. 1962 నుంచి 1991 దాకా అమెరికా ఆర్కెస్ట్రాలు నడిపి కూడా అక్కడి పౌరసత్వం తీసుకోలేదు. మన చుట్టాల్లో అలాంటివాళ్లు ఎంతమంది?

కచేరీప్రియ:
2013లో శ్రీనగర్ షాలిమార్ బాగ్‌లో కచేరీ చేశారు కదా.

సముద్రతీరం:
ఆహ్వానం ఉన్నవాళ్లకే ఆ కచేరీ. బయట ఊళ్లో నిరసనగా బంద్.

హంసనాదం:
కండక్టర్‌కి చేతిలో వాద్యం ఉండదు సార్. ఎదురుగా కూర్చున్న వందమందే ఆయన వాద్యం. వాళ్లు లేని ఊళ్లో ఏం సాధన చేస్తారు? తండ్రి మెహ్లీ మెహతా 1935లో బాంబే సింఫనీ ఆర్కెస్ట్రా పెట్టారు. ఆయన కూడా వయొలిన్‌లో ఇంకా నేర్చుకోవాలని 1945లో న్యూయార్క్ వెళ్లారు. జుబిన్ డాక్టర్ చదువు మధ్యలో మానేసి, వియన్నాలో హాన్స్ స్వరోవ్‌స్కీ అనే గురువు దగ్గర నేర్చుకుని, 1958లో లివర్‌పూల్‌లో కండక్టర్ల పోటీ గెలిచారు. వృత్తిగా సాగే సింఫనీ ఆర్కెస్ట్రా ముంబైకి 2006లో గానీ రాలేదు. అప్పటిదాకా ఎదురు చూడాలా?

సముద్రతీరం:
వెళ్తేనే బాగుపడతారని మీరంతా ఇలా నూరిపోయబట్టే మా ఇంట్లో గొడవలు. విశాఖలో మా అమ్మాయికి పన్నెండేళ్లు పాశ్చాత్య వయొలిన్ నేర్పించాను. వానలో కూడా స్కూటర్ మీద దింపాను. ఇప్పుడు జర్మనీ వెళ్తానంటోంది. వాళ్ల మాస్టారి దగ్గర పెద్ద శిష్యురాలు అదొక్కతే. అది కూడా వెళ్లిపోతే చిన్నపిల్లలకి ఎవరు చూపిస్తారు?

హంసనాదం:
ఆ బరువు ఆ పిల్ల మీద పెడతారా? మా నాన్న కూడా నన్ను ఇలాగే ఆపారు. ఉండిపోయాను. ఎవరికీ నేర్పలేదు, వాయించడమే మానేశాను. పెట్టె అటక మీద ఉంది.

సముద్రతీరం:
మీ బాధ అర్థమైంది. కానీ మెహతా కచేరీలకి వచ్చి వెళ్లాడు, ఉండటానికి రాలేదు. నా టెన్షన్ అదే.

నాలుగోతీగ:
పాస్‌పోర్టు మాత్రం మార్చుకోవద్దని చెప్పండి.

కచేరీప్రియ:
ఆడిషన్ ఎప్పుడు?

సముద్రతీరం:
ఫిబ్రవరిలో. నేనింకా సరే అనలేదు.