ల్యాండ్ గ్రాంట్ యూనివర్సిటీని ‘భూదాన విశ్వవిద్యాలయం’ అనొచ్చా?

ప్రశ్న: రాజేంద్రనగర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం గురించి వ్యాసం రాస్తున్నాను. 1964లో అమెరికా ల్యాండ్ గ్రాంట్ పద్ధతిలో మొదలైంది, కాన్సాస్ స్టేట్ యూనివర్సిటీ తోడ్పడింది. ల్యాండ్ గ్రాంట్‌ను భూదానం అననా, మాన్యం అననా?

– భూదానం వద్దండీ. ఆ మాట వినగానే మనవాళ్లకు 1951 నాటి పోచంపల్లి, వినోబా గుర్తొస్తారు. మాన్యం కొంచెం నయం గానీ దానికీ చిక్కుంది. గుడి మాన్యం అంటే ఫలసాయం గుడికి చెందాలి, నేల చెయ్యి మారకూడదు. అక్కడ నేలను అమ్ముకోమనే ఇచ్చారు! 1862 జూలై 2న లింకన్ సంతకం చేసిన మోరిల్ చట్టం ప్రకారం, అమెరికా కాంగ్రెస్‌లో రాష్ట్రానికి ఉన్న ఒక్కో సభ్యుడికి 30,000 ఎకరాల లెక్క. అమ్మగా వచ్చిన డబ్బు శాశ్వత నిధి. అసలు కదపకుండా, వడ్డీతో వ్యవసాయం, యంత్రవిద్య చెప్పే కాలేజీ నడపాలి. చాలామంది అనుకున్నట్టు అది క్యాంపస్ కట్టుకోవడానికిచ్చిన స్థలం కాదు. పంచడానికి ప్రభుత్వ భూమి లేని తూర్పు రాష్ట్రాలకు, వేరేచోటి ప్రభుత్వ భూమిపై హక్కునిచ్చే పత్రాలిచ్చారు. న్యూయార్క్ పత్రాలతో ఎజ్రా కార్నెల్ ఎక్కడో విస్కాన్సిన్ పైన్ అడవులు ఎంచుకున్నాడు. ధర పెరిగాక అమ్మితే కార్నెల్ యూనివర్సిటీకి పెద్ద నిధే సమకూరింది.

– దానం చెయ్యాలంటే ముందు అది మనదై ఉండాలి కదా? కోటి ఎకరాలు దాటిన ఆ నేల అక్కడి మూలవాసి తెగలది. ఒప్పందాల పేరుతో కొంత, బలవంతంగా కొంత లాక్కున్నదే. అత్త సొమ్ము అల్లుడు దానం!

– సామెత బాగా పడింది. కానీ వ్యాసంలో పెట్టలేను కదండీ, ఏం రాయమంటారు?

– ‘ల్యాండ్ గ్రాంట్’ అనే ఉంచి, మొదటిసారి వచ్చినచోట ‘భూముల అమ్మకపు నిధితో ఏర్పడిన’ అని ఒక ముక్క చేర్చండి. అయినా రాజేంద్రనగర్‌కు అక్కణ్నుంచి వచ్చింది పద్ధతి. బోధనకు 1887 హాచ్ చట్టంతో పరిశోధన కేంద్రాలు, 1914 స్మిత్-లీవర్ చట్టంతో విస్తరణ, అంటే రైతు దగ్గరికెళ్లి చెప్పడం, తోడయ్యాయి. ఈ మూడూ ఒకే గొడుగు కింద ఉండాలన్నదే 1960లో పంత్‌నగర్ వ్యవసాయ విశ్వవిద్యాలయానికైనా, తర్వాత మనకైనా నమూనా. మీ వ్యాసానికి ఇదే ముఖ్యం.

– ఇంకో సందేహం. 1996లో రంగా గారి పేరు పెట్టారు, 2014 విభజన తర్వాత రాజేంద్రనగర్‌ది జయశంకర్ గారి పేరైంది. 1964 సంగతికి ఏ పేరు వాడాలి?

– అప్పటి పేరే వాడండి: ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ విశ్వవిద్యాలయం.