‘తెర’ మరుగుపరిచే మాటా, చూపించే మాటా?

ఫోను, టీవీ, కంప్యూటర్ల ముఖభాగాన్ని ‘తెర’ అనడం పొరపాటని, తెర అంటే అడ్డుగా కట్టే వస్త్రమే తప్ప బొమ్మను చూపించేది కాదని, కాబట్టి ‘దర్శని’ అనే కొత్త మాటను అలవాటు చేసుకోవాలని నిన్న ఒక మిత్రులు ఇక్కడ ప్రతిపాదించారు. వారి శ్రద్ధ మీద నాకు గౌరవం ఉంది కానీ, ప్రతిపాదనతో మాత్రం ఏకీభవించలేను.

తెరచాటు, తెరమరుగు, పెళ్లిలో జీలకర్ర బెల్లం వేళ వరకు వధూవరుల మధ్య పట్టే అడ్డుతెర, ఇవన్నీ మరుగుపరిచే అర్థాన్నే చెబుతాయన్నది నిజమే. అయితే కూచిపూడి భాగవతుల ఆటలో సత్యభామ ముందుగా తెర మీదుగా తన జడను వేసినప్పుడు, ఆ తెర ఆమెను దాస్తున్నదా, ఆమె రాకను చూపిస్తున్నదా? ఇక తోలుబొమ్మలాటలో ఆ సందేహానికే తావు లేదు. అక్కడ తెల్లని గుడ్డ కడతారు, వెనుక దీపం పెడతారు, రెంటికీ నడుమ, వెలుగు దూరేంత పలుచగా గీకి రంగులద్దిన మేకతోలు బొమ్మను ఆడిస్తారు. బొమ్మను గుడ్డకు ఆనిస్తే గీతలు స్పష్టంగా కనబడతాయి, వెనక్కు తీస్తే చెదిరిపోతాయి. అనంతపురం ప్రాంతపు నిమ్మలకుంటలో నేటికీ ఈ బొమ్మలు చేస్తున్నారు. ఈ ఆట చూసినవారికి తెర అంటే చూపించేదే.

మన ఇళ్లలోని ఎల్‌సీడీ టీవీ పనిచేసే తీరు సరిగ్గా ఇదే. వెనుక తెల్లని దీపాలు ఆపకుండా వెలుగుతూ ఉంటాయి. వాటి ముందు, ఒకదానికొకటి అడ్డంగా తిప్పి పెట్టిన రెండు ధ్రువణ ఫలకాలు, అంటే ఒకే దిశలో కంపించే కాంతిని మాత్రమే దాటనిచ్చే పలకలు, ఉంటాయి. ఒకటి దాటిన కాంతిని రెండవది ఆపివేయాలి కానీ, వాటి నడుమ మెలి తిరిగి ఉన్న ద్రవస్ఫటికాలు (ద్రవంలా పారుతూనే స్ఫటికంలా వరుసలో నిలిచే పదార్థం, ఎల్‌సీడీ పేరులోని ‘ఎల్‌సీ’ ఇదే) ఆ కాంతిని కూడా తొంభై డిగ్రీలు తిప్పి దాటిస్తాయి. విద్యుత్తు ఇస్తే మెలి విడిపోయి కాంతి ఆగిపోతుంది, కొద్దిగా ఇస్తే కొద్దిగానే దాటుతుంది. దాటిన తెల్లని వెలుగు ఎరుపు, ఆకుపచ్చ, నీలం రంగు పొరల గుండా వచ్చి మన కంటికి చేరుతుంది. స్ఫటికాల అమరికలో రకాలున్నా మూలసూత్రం ఇదే. వెనుక దీపం, నడుమ రంగు పొర, ముందు ప్రేక్షకుడు. చీకటి గదిలో రాత్రి సన్నివేశం చూసేటప్పుడు నలుపు బూడిదరంగుగా కనిపించడానికి కారణం కూడా ఆ దీపమే. అది ఆరదు, దాని వెలుగు కొంత జారి వస్తూనే ఉంటుంది.

పాత పెట్టె టీవీకి ఈ పోలిక కుదరదు. అక్కడ వెనుక నుంచి వచ్చేది వెలుగు కాదు, ఎలక్ట్రాన్ల పుంజం. అది గాజు లోపలి పూతను తాకిన చోటే వెలుగు పుడుతుంది. మన దేశపు ప్రసార పద్ధతిలో ఆ పుంజం సెకనుకు 25 బొమ్మల చొప్పున, బొమ్మకు 625 గీతల లెక్కన, ముందు బేసి గీతలు, తరువాత సరి గీతలు గీస్తూ పోయేది. ‘తెర’కు అల అనే అర్థమూ ఉంది కదా, నవ్వు తెరలు తెరలుగా వచ్చిందని నేటికీ అంటాము. వ్యుత్పత్తి పేరుతో చెప్పడం లేదు కానీ, అలల వలె ఒకదాని వెనుక ఒకటి వచ్చే ఆ గీతలను తలచుకున్నప్పుడు ఈ మాట మీద నాకు మరింత మమకారం కలుగుతుంది.

ఓలెడ్ (OLED) అనే మరో రకం తెరలో దీపమూ గుడ్డా ఒక్కటే. ప్రతి చుక్కా తానే వెలుగుతుంది, నలుపు కావలసిన చోట తానే ఆరిపోతుంది. అర్థం ఇక్కడ కొంత సాగినట్లే, అయినా మాట తెగిపోలేదు.

ఈ టపా కింద ఒక సోదరి, “తెర సరే, మరి పిక్సెల్‌ను ఏమనాలండీ?” అని అడిగారు.

అమ్మా, పిక్సెల్ అన్న మాట అచ్చులో మొదట 1965లో, అమెరికా అంతరిక్ష పరిశోధకుడు ఫ్రెడరిక్ బిల్లింగ్‌స్లీ వ్రాతలో కనిపిస్తుంది. చిత్రం, అంశం అనే రెండు ఆంగ్ల పదాలను కుదించి అతికించిన మాట అది. నేనైతే ‘చుక్క’ అంటాను. తెల్లని పేజీ తెరిచిన ఫోను మీద చిన్న నీటిబొట్టు వేసి చూడండి. ఆ బొట్టు భూతద్దమై, తెలుపు అనుకున్నచోట ఎరుపు, ఆకుపచ్చ, నీలం నలుసులు కనిపిస్తాయి. బంతిపువ్వు ఫొటో పెట్టినా అందులో పసుపు నలుసు ఒక్కటీ ఉండదు. ఎరుపూ ఆకుపచ్చా పక్కపక్కన వెలిగితే వాటిని కలిపి పసుపు అనుకునేది మన కన్నే. అడ్డంగా 1920, నిలువుగా 1080 చుక్కలున్న టీవీలో మొత్తం 20,73,600 చుక్కలు, చుక్కకు మూడు చొప్పున 62,20,800 రంగు నలుసులు ఉంటాయి.

ఈ అమరికను చెప్పడానికి కూడా మన వాకిట్లోనే మాటలున్నాయి. ఎల్‌సీడీ టీవీలో చుక్కలు సాధారణంగా సరిచుక్కల ముగ్గులా ఒకదాని కింద ఒకటి నిలుస్తాయి. చాలా ఓలెడ్ ఫోన్లలో మాత్రం రంగు నలుసులు సందుచుక్కల ముగ్గులా, పై వరుసలోని రెంటి నడుమకు కింది వరుసలోనిది వచ్చేటట్లు ఉంటాయి.