కన్జర్వేషన్ జోన్ నుంచి నివాస జోన్‌కు మార్పిడి: ఫైలు ఎక్కడ ఆగుతుంది?

గట్టుమీద_వేప
అందరికీ నమస్కారం. 4 ఎకరాల 12 గుంటల పట్టా భూమి, హెచ్‌ఎండీఏ (హైదరాబాద్ మహానగర అభివృద్ధి సంస్థ) 2031 మాస్టర్ ప్లాన్‌లో కన్జర్వేషన్ జోన్ (సాగు, పచ్చదనం కోసం ఉంచిన మేర) అని ఉంది. తూర్పు హద్దున దాదాపు వంద మీటర్ల పొడవునా కుంట. దారి, నక్షాలో ఉన్న బండ్ల బాట. లేఅవుట్ వేసే ఆలోచన. నాలుగు సందేహాలు. ఒకటి, ముందు నాలానా, జోన్ మార్పిడా? రెండు, మార్పిడి తేల్చేది ఎవరు? మూడు, డ్రాఫ్ట్ నోటిఫికేషన్‌లో ఏం చూసుకోవాలి? నాలుగు, పక్క రైతు అభ్యంతరం పెడితే ఫైలు ఆగిపోతుందా?

పహాణీ_పాపయ్య
నాలా జోలికి ఇప్పుడే పోకుండ్రి. నాలా అంటే 2006 చట్టం కింద "ఇది ఇగ సాగు భూమి కాదు" అని రెవెన్యూ వాళ్ళు ఇచ్చే కాయితం, అంతే. మాస్టర్ ప్లాన్ల రంగు దానితోని మారదు. నాలా పైసలు కట్టి, రైతు భరోసా పోగొట్టుకొని, ఆఖరుకు జోన్ మారక ఉన్నోళ్ళు ఎంతమందో. జోన్ మారినంక నాలా చేసుకుంటే ఏం మునగది.

ఎకరం_40
పాపయ్య గారి మాట సగమే. నివాస జోన్‌లో ఉన్న భూమికి నాలా చాలు. కన్జర్వేషన్ అయితేనే రెండూ కావాలి. కొత్తగా కొనేవాళ్ళకి ఈ తేడా చెప్పకుండా "నాలా అయిపోయింది సార్, ఇల్లు కట్టేసుకోవచ్చు" అని అంటగట్టే బ్రోకర్లను ముందు పట్టుకోవాలి. నాలా ఆర్డరు చూపించి ప్లాట్లు అమ్మితే ఒకటే అడగండి: "లేఅవుట్ పర్మిట్ నంబరు ఎంత?" సగంమంది అక్కడే ఫోన్ పెట్టేస్తారు.

ఫైలు_మోత
ఇరవై రెండేళ్లుగా మార్పిడి ఫైళ్ళే మోస్తున్నాను కాబట్టి రెండో ప్రశ్నకు చెబుతా. హెచ్‌ఎండీఏ మార్చదు. సిఫారసు చేస్తుంది. 2008 చట్టం 15వ సెక్షన్ కింద మార్చేది ప్రభుత్వం, అంటే మున్సిపల్ శాఖ. వరస ఇదీ: దరఖాస్తు, ప్లానింగ్ విభాగం స్థల తనిఖీ, కమిటీ ముందుకు, అక్కడి నుంచి సాంకేతిక అభిప్రాయంతో సచివాలయానికి, డ్రాఫ్ట్ గెజిట్, 15 రోజుల అభ్యంతరాల గడువు, చార్జీలు, చివర జీవో. దరఖాస్తుతో పట్టాదారు పాసు పుస్తకం, ఈసీ (భూమి మీద లావాదేవీల ధ్రువపత్రం), టిపన్ (సర్వే నంబరు కొలతల పటం), ఊరి నక్షా మీద భూమి గుర్తించిన స్కెచ్, మాస్టర్ ప్లాన్ ఎక్స్‌ట్రాక్ట్ పెట్టాలి. స్కెచ్‌లో విస్తీర్ణం పాసు పుస్తకంతో రెండు గుంటలు తేడా వచ్చినా తిరిగొస్తుంది. పాసు పుస్తకంలో 4-12, కొలిస్తే 4-09 వస్తే 4-09కే అడగండి. ఎక్కువ అడిగి కొర్రీ తెచ్చుకునే బదులు తక్కువకు తెచ్చుకోవడం మేలు.

తనిఖీలో చూసేది మూడే: దారి, నీళ్ళు, చుట్టుపక్కల వాడకం. కుంట అన్నారుగా, చిన్న కుంటకు 9 మీటర్లు వదిలితే సరిపోతుంది. భయపడకండి.

మత్తడిరాయి
ఇరవై రెండేళ్ల అనుభవం ఉన్నవారు ఇలా "9 మీటర్లు, భయపడకండి" అని రాసేస్తే ఎలా? 2012 నాటి జీవో 168 ఏమంటుంది? 10 హెక్టార్లు, ఆపైన ఉన్న చెరువు, కుంట ఏదైనా ఎఫ్‌టీఎల్ (నిండు నీటి మట్టం) హద్దు నుంచి 30 మీటర్లు బఫర్‌గా, అంటే కట్టడాలు లేకుండా, వదలాలి. 10 లోపు అయితే 9. పేరులో "కుంట" ఉంటే చిన్నది అయిపోదు. 10 హెక్టార్లంటే 24 ఎకరాల 28 గుంటలు. అంతకుమించిన కుంటలు హైదరాబాద్ చుట్టూ బోలెడు.

ఫైలు_మోత
పహాణీలో శిఖం (కుంట అడుగు భూమి) ఎంతుందో చూస్తే తెలిసిపోతుంది. దానికింత రాద్ధాంతం ఎందుకు.

మత్తడిరాయి
అదే తప్పు. శిఖం వేరు, ఎఫ్‌టీఎల్ వేరు. శిఖం రెవెన్యూ లెక్క. ఎఫ్‌టీఎల్ అంటే మత్తడి (నిండితే నీళ్ళు పొర్లిపోయే అలుగు) దాకా నీళ్ళు నిండినప్పుడు పరుచుకునే మేర, ఇరిగేషన్ లెక్క. చాలాచోట్ల నీళ్ళు శిఖం దాటి పక్క పట్టాల్లోకి వస్తాయి. పహాణీలో శిఖం 23 ఎకరాలు, అంటే 9.3 హెక్టార్లు, "9 మీటర్లే" అనుకుంటారు. మత్తడి లెవెల్‌తో కొలిస్తే 26 ఎకరాల 10 గుంటలు వస్తుంది, 10.6 హెక్టార్లు, 30 మీటర్లు. వేప గారికి వంద మీటర్ల హద్దు. 30 అయితే 3,000 చదరపు మీటర్లు, 9 అయితే 900. తేడా 2,500 గజాల పైనే, అర ఎకరం దాటుతుంది. ఇది రాద్ధాంతమా?

ఫైలు_మోత
పుస్తకాలు చదివి చెప్పేవాళ్లకి ఫైళ్ళు ఎలా కదులుతాయో తెలీదు. తనిఖీకి వచ్చినాయన లెవెల్ మిషను మోసుకురాడు. రెవెన్యూ రికార్డే చూస్తాడు.

మత్తడిరాయి
ఆయన మోసుకురాడు, నిజమే. కమిటీ "ఇరిగేషన్ నుంచి ఎన్‌ఓసీ తెండి" అని రాస్తుంది. అప్పుడు మోసుకొస్తారు. అప్పటికి మీ దరఖాస్తుదారుడు లేఅవుట్ గీయించేసి అడ్వాన్సులు కూడా పుచ్చుకొని ఉంటాడు.

తాటిముంజె
ఎవరైనా ఎఫ్‌టీఎల్ ఎలా కొలుస్తారో చెప్తారా? అందరూ ఆ మాట వాడేవాళ్ళే, ఒక్కరూ విప్పి చెప్పరు.

మత్తడిరాయి
ఆటో లెవెల్ (ఎత్తుపల్లాలు చూసే మిషను) నిలబెట్టి, స్టాఫ్‌ను (అంకెలున్న కొలకర్రను) మత్తడి పైరాయి మీద పెట్టి రీడింగ్ తీస్తారు. 1.240 వచ్చిందనుకోండి. మిషను కదపకుండా స్టాఫ్‌ను కుంట చుట్టూ తిప్పుతారు. ఎక్కడ మళ్ళీ 1.240 వస్తే అది ఎఫ్‌టీఎల్ గీత. 1.600 వస్తే అక్కడ నేల మత్తడి కంటే పల్లం, అంటే నీళ్ళలోపల. 0.900 వస్తే మెరక, బయట. దూరం పోతే మిషను మార్చి లెవెల్ మోసుకుంటూ వెళ్తారు. ప్రతి బిందువుకీ డీజీపీఎస్ (ఉపగ్రహ కొలత) తీసుకొని, కలిపి, ఊరి నక్షా మీద పరుస్తారు.

మోసం జరిగేది మత్తడి దగ్గరే. పైవరస రాళ్ళు ఒకటి రెండు పీకేస్తే నీళ్ళు ముందే దొర్లిపోతాయి. నేల చదునుగా ఉంటే అడుగు లెవెల్ తగ్గినా గీత చాలా దూరం లోపలికి జరుగుతుంది. అందుకే ఇప్పటి మత్తడిని నమ్మకుండా ఇరిగేషన్ వారి పాత ట్యాంక్ మెమోయిర్‌లో (చెరువు వివరాల రికార్డులో) మత్తడి లెవెల్ ఎంతుందో అడగాలి. రాతి మత్తడి లేని చిన్న కుంటల్లో నీళ్ళు గట్టు చివర నుంచి వాటంతటవే పొర్లుతాయి. తగాదాలు ఎక్కువ అక్కడే.

పహాణీ_పాపయ్య
మత్తడిరాయన్న చెప్పింది ముమ్మాటికి కరెక్టు. ఇంకోటి, శిఖం పట్టా ఉన్నది గదా అని మురిసిపోవద్దు. నీళ్ళు గుంజినప్పుడు సాగు చేసుకునేటందుకే అది. ఇల్లు కట్టేటందుకు కాదు. 2024ల హైడ్రా (చెరువుల కబ్జాలు కూలగొట్టే సంస్థ) వచ్చినంక జనానికి ఎరుకైంది గని, రూలు ముందునుంచి ఉన్నదే.

ఎల్ఆర్ఎస్_బాధితుడు
ఇంత మాట్లాడుతున్నారు, 2020 ఎల్‌ఆర్‌ఎస్ (అనుమతి లేని లేఅవుట్ల ప్లాట్ల క్రమబద్ధీకరణ పథకం) సంగతి ఎవరూ ఎత్తరేం? వెయ్యి రూపాయలు కట్టి దరఖాస్తు పెట్టించుకున్నారు, ఏళ్ల తరబడి పక్కన పడేశారు, చివరికి కొందరికి "ఇది చెరువు పరిధి, కుదరదు" అని మెసేజి. ఓపెన్ స్పేస్ లేని లేఅవుట్ అయితే ప్లాటు విలువలో 14 శాతం అదనం. లేఅవుట్ వేసినవాడు 10 శాతం ఖాళీ స్థలం మింగేస్తే కొన్నవాడు 14 శాతం కట్టాలి. ఇదెక్కడి న్యాయం?

ఎకరం_40
న్యాయం సంగతి పక్కన పెట్టండి. ఎల్‌ఆర్‌ఎస్ ప్లాటును క్రమబద్ధం చేస్తుంది, నీళ్ళలో ఉన్నదాన్ని గట్టుకు చేర్చదు. మాస్టర్ ప్లాన్‌లో చెరువు, పార్కు అని ఉన్నచోట ఎల్‌ఆర్‌ఎస్ లేదని రూల్స్‌లోనే ఉంది.

ఖాళీ స్థలం మాట వచ్చింది కాబట్టి: పార్కుకు వదిలింది పార్కుగానే ఉండాలని 1991లోనే బెంగళూరు మెడికల్ ట్రస్ట్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. పార్కు స్థలాన్ని ఆసుపత్రికి ఇస్తే కొట్టేసింది. మీ కాలనీ పార్కులో ఏ కట్టడం లేచినా అభ్యంతరంలో ఆ తీర్పు ఉటంకించండి.

కృష్ణకరకట్ట
ఏపీ వాళ్ళం కూడా ఉన్నామండీ ఇక్కడ. మావైపు పట్టణాభివృద్ధి సంస్థల్లో మార్పిడికి ఒకప్పుడు 1975 చట్టం 12వ సెక్షన్, ఇప్పుడు 2016 చట్టం. పదిహేను రోజుల గడువు మాకూ అంతే. సీఆర్‌డీఏ (అమరావతి రాజధాని సంస్థ) భూ సమీకరణలో మెట్ట ఎకరానికి 1,000 గజాల నివాస, 250 గజాల వాణిజ్య ప్లాటు, జరీబుకు (నీటి వసతి ఉన్న సారవంతమైన భూమికి) 1,000, 450. అక్కడ జోన్ రైతు మార్చుకోవక్కర్లేదు, ప్లాను గీసినవాళ్ళే మార్చేశారు. మా గుంటూరు వైపు అనుభవం ఉన్నవాళ్ళు ఎవరైనా రాస్తారా?

గండిపేట_గాలి
111 జీవో గ్రామాల వాళ్ళ గురించి ఎవరైనా ఆలోచించారా? 1996 మార్చి నుంచి జంట జలాశయాల (ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్) చుట్టూ 10 కిలోమీటర్లు, 84 గ్రామాల్లో ఆంక్షలు. లేఅవుట్‌లో 60 శాతం ఖాళీ స్థలం, రోడ్లకే పోయేది. 2022 ఏప్రిల్‌లో జీవో 69 వచ్చింది, టీవీల్లో "ఎత్తేశారు" అన్నారు. ఎత్తేసింది ఆ ఆంక్షలను. జోన్ దానంతటది నివాసం అయిపోదు కదా! ఈ ముక్క చెప్పకుండా ఎకరాల లెక్కన అమ్మేశారు.

ఫైలు_మోత
మళ్ళీ కుంటకే వద్దాం. మత్తడిరాయి గారు ఒకటి దాచారు. ఆ బఫర్ అంతా దండగ కాదు. జీవో 168 ప్రకారమే బఫర్‌ను టాట్‌లాట్ (పిల్లల ఆట స్థలం) కిందో, ఖాళీ స్థలం కిందో లెక్కలోకి తీసుకోవచ్చు. సెట్‌బ్యాక్ (కట్టడం చుట్టూ వదిలే జాగా) కింద మాత్రం కుదరదు. వీలున్నచోట 12 మీటర్ల రోడ్డు కూడా బఫర్‌లోంచి తీయవచ్చు. అలా గీస్తే పోయేది తగ్గుతుంది.

మత్తడిరాయి
దాచలేదు, అడగలేదు. ఇప్పుడు చెప్పింది సరైనదే, ఒప్పుకుంటా. కాకపోతే ముందు 30నా 9నా తేలకుండా రోడ్డు ఎక్కడ గీస్తారు?

నిర్వాహకుడు
ఇద్దరూ కొంచెం తగ్గండి. మరోసారి వ్యక్తిగతంగా వెళ్తే చర్చ మూసేస్తాను.

గట్టుమీద_వేప
అందరికీ థాంక్స్. మూడు, నాలుగు ప్రశ్నలు అలాగే ఉండిపోయాయి.

ఎకరం_40
మూడోది. డ్రాఫ్ట్ నోటిఫికేషన్ అడుగున షెడ్యూల్ ఉంటుంది: ఉత్తరం, దక్షిణం, తూర్పు, పడమర ఏ సర్వే నంబర్లు, ఎంత విస్తీర్ణం. జీవో బలమంతా ఆ నాలుగు వరసల్లోనే. 214/ఆ బదులు 214/అ పడితే మీ పైసలతో పక్కవాడి భూమి నివాస జోన్ అవుతుంది. సవరణకు మళ్ళీ మొదటి నుంచి తిరగాలి. తూర్పున "కుంట" అని రాశారా, సర్వే నంబరు రాశారా చూసుకోండి. ఫైనల్ జీవోలో ఎప్పుడూ ఒక షరతు ఉంటుంది, ఈ మార్పిడిని హక్కుకు రుజువుగా వాడుకోకూడదని. కొనేవాళ్ళు జీవో చూసి టైటిల్ క్లియర్ అనుకుంటారు, అదొక పిచ్చి.

నాలుగోది. "మాకు ఇష్టం లేదు" అని రాస్తే చెత్తబుట్టకే. అభ్యంతరం నిలబడాలంటే కారణం భౌతికంగా ఉండాలి: దారి వెడల్పు చాలదు, వాగు పూడుతుంది, బఫర్ తప్పు లెక్క. గెజిట్ తేదీ నుంచి 15 రోజుల్లోపు, నక్షా ముక్క మీద ఎర్ర గీతతో గుర్తు పెట్టి, రెండు ప్రతులు తీసుకెళ్ళి ఒకదాని మీద ముద్ర వేయించుకోవాలి. జవాబు ఏం రాశారో తెలియాలంటే సమాచార హక్కు కింద 10 రూపాయలతో తనిఖీ నివేదిక, కమిటీ మినిట్స్ అడగండి. 30 రోజుల్లో ఇవ్వాలి.

పహాణీ_పాపయ్య
పక్క రైతు అడ్డం వచ్చేది బాట కాడనే. బండ్ల బాట నక్షాల జోడు చుక్కల గీతలతోని ఉంటే ఎవ్వడు ఆపలేడు. గని వెడల్పు చాలకుంటే ఆయన పట్టాలకెల్లి నాలుగు అడుగులు గావాలె. ముందుగల్ల పోయి కూసోని మాట్లాడుకో, ఆ పట్టీ గిఫ్టు డీడు చేయించుకో. ఫైలు పెట్టినంక అడిగితే రేటు మూడింతలు జెప్తడు.

తాటిముంజె
ఇన్ని తిప్పలు పడ్డాక ఎకరాకు ఎన్ని గజాలు మిగులుతాయి అసలు?

ఫైలు_మోత
4-12 అంటే 20,812 గజాలు. ఖాళీ స్థలం 10 శాతం, 2,081. రోడ్లు 30 శాతం వేసుకోండి, 6,244. మిగిలింది 12,487, ఎకరాకు 2,900 చిల్లర. అందులో 15 శాతం, 1,873 గజాల ప్లాట్లు సంస్థకు మార్టగేజ్. రోడ్లు, కాలువలు, కరెంటు, నీళ్ళు పూర్తిచేసి ఫైనల్ లేఅవుట్ తెచ్చుకునేదాకా వాటిని అమ్మలేరు. బఫర్ ఇందులో కలపలేదు. రెరా (స్థిరాస్తి నియంత్రణ సంస్థ) రిజిస్ట్రేషన్ రాకుండా బ్రోచర్ కొట్టించొద్దు.

గట్టుమీద_వేప
అయితే ముందు కుంట సంగతే తేల్చుకుంటాను. అర్జీ ఎవరికి పెట్టాలి?

మత్తడిరాయి
ఇరిగేషన్ ఎగ్జిక్యూటివ్ ఇంజినీరుకు. ఊరు, మండలం, కుంట సర్వే నంబరు, హెచ్‌ఎండీఏ చెరువుల జాబితాలో ఉంటే లేక్ ఐడీ రాయండి. ఎఫ్‌టీఎల్ మ్యాపు ఇప్పటికే నోటిఫై అయిందా, అయితే ప్రిలిమినరీనా ఫైనలా అని అడగండి. ప్రిలిమినరీ అయితే ఇంకా మారొచ్చు. కొలతకు వస్తే మత్తడి మీద ఏ రాయికి స్టాఫ్ పెట్టారో ఫోటో తీసుకోండి, టీబీఎం (ఎత్తు కొలతకు ఆధారంగా తీసుకున్న తాత్కాలిక గుర్తు) విలువ అక్కడికక్కడే రాసుకోండి. తర్వాత అడిగితే ఎవరూ ఇవ్వరు.

కృష్ణకరకట్ట
గుంటూరు వైపు వాళ్ళు ఎవరూ లేరాండీ?