సినిమాలకీ వీణకీ కలిపి: టవర్ స్పీకర్లా, రెండో సబ్‌వూఫరా?

విజయనగరంలో స్లాబు ఇల్లు. హాలు 14×11 అడుగులు, ఎత్తు 10, నేల టైల్స్. 5.1 రిసీవర్ (ఐదు స్పీకర్లకీ ఒక సబ్‌వూఫర్‌కీ శబ్దం పంపే యాంప్లిఫయర్), ముందు 5.25 అంగుళాల బుక్‌షెల్ఫ్ స్పీకర్లు (86 డీబీ, 8 ఓమ్స్), 10 అంగుళాల సబ్‌వూఫర్ (సబ్; లోతైన బాస్ కోసమే ఉండే స్పీకరు). సినిమాలకి ఏ లోటూ లేదు. పేచీ అంతా పాటల దగ్గరే. మృదంగం తొప్పి (బాస్ పలికే ఎడమ ముఖం) మీద ఏ దెబ్బ పడినా ఒకే శ్రుతిలో 'బుంయ్' మంటుంది, వీణ మంద్రం దాని కింద నలిగిపోతుంది.

క్రాసోవర్ (ఎంత కింది శబ్దం నుంచి సబ్‌కి వెళ్లాలో చెప్పే హద్దు) 60, 80, 100 హెర్ట్జ్ పెట్టి చూశాను, 80 కాస్త నయం. రిసీవర్ తనంతట తాను చేసుకునే ఆటో కాలిబ్రేషన్, ముందువైపు స్పీకర్లని 'లార్జ్' (బాస్ అంతా అవే పలికేలా) చేస్తే, 'స్మాల్'కి (బాస్ సబ్‌కి వదిలేలా) మార్చాను. ఫేజ్ (సబ్ అలలు స్పీకర్ల అలలతో కలిసే తీరు) 0, 180 రెండూ అయ్యాయి. సబ్‌ని మూల నుంచి జరిపితే మోత తగ్గింది గానీ పోలేదు. ఫోన్‌లో స్వీప్ చేస్తే (కింది శ్రుతి నుంచి పైకి వరసగా మోగించి కొలిస్తే) 40, 51 హెర్ట్జ్ దగ్గర గుట్టలు. గది పొడవు, వెడల్పులకి సరిగ్గా సరిపోయే లెక్క. ప్యూర్ డైరెక్ట్‌లో (రిసీవర్ ఏ మార్పూ చెయ్యకుండా పాటని పలికించే పద్ధతి) సబ్ ఆగి మోత పోతుంది, దాంతోపాటు తొప్పీ పోతుంది. తివాచీ, పరదాలతో పైస్థాయి గలగల తగ్గింది, అంతే. ఇంత కింద అవి పనిచెయ్యవు కూడా.

విశాఖ షోరూంలో టవర్లు (నేల మీద నిలబడే పొడవాటి స్పీకర్లు) బాగానే పలికాయి, కానీ అది పెద్ద గది. మా హాల్లో స్పీకరు వెనక అడుగున్నరకి మించి జాగా లేదు.

బడ్జెట్ 50 వేలు. ఈ గదికి 6.5 అంగుళాల టవర్లు కొనాలా, ఉన్న బుక్‌షెల్ఫ్‌లే ఉంచి ఎదురు గోడ మధ్యలో రెండో సబ్ పెట్టాలా?